బెరుకు పోగొట్టే ఆటా? బెదరగొట్టే ఆటా?

ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నాకు ఇప్పటికీ గుర్తే. ట్రైనింగ్ హాల్లో అరవై మందిమి. గుండ్రంగా నిలబడమన్నారు. పేరు చెప్పాలి. పేరులోని మొదటి అక్షరంతో మొదలయ్యే ఇంగ్లిష్ మాట ఒకటి తగిలించాలి. ‘మీరే జంతువైతే ఏ జంతువు, ఎందుకు?’ అన్నది చివరి ప్రశ్న. అన్నీ ఇంగ్లిష్‌లోనే. నా వంతు ముప్పై నాలుగోది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. రాయమంటే రాస్తాను, నలుగురిలో మాట్లాడమంటే నాలుక పిడచకట్టేది. ముందువాళ్లు చెబుతున్నంతసేపూ నేను లోపల ఒకే వాక్యం వల్లె వేసుకుంటున్నాను. తీరా వంతు వచ్చాక అదీ సగమే బయటికొచ్చింది. వెనకెవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత రెండు వారాల శిక్షణలో నేనొక్క డౌటూ అడగలేదు. ఇంతకీ మాలో బెరుకు పోగొట్టడానికే ఆ ఆట పెట్టారట. దాన్ని ఐస్‌బ్రేకర్ అంటారని తర్వాత తెలిసింది.

ఇప్పుడు ప్లేస్‌మెంట్ శిక్షణ క్లాసులు చెబుతున్నాను కాబట్టి ఈ ఆటల్ని రెండో వైపు నుంచీ చూస్తున్నా. వద్దనను. కొత్తవాళ్లు ఒకచోట చేరినప్పుడు మొదటి పది నిమిషాలు ఎలా గడిచాయన్నదాన్ని బట్టే తర్వాత ఎవరు నోరు తెరుస్తారో, ఎవరు తెరవరో చాలావరకు తేలిపోతుంది. ఇంజినీరింగ్‌లో చేరినవాళ్లకు మూడు వారాల ఇండక్షన్ ఉండాలని ఏఐసీటీఈ 2017లో చెప్పింది కూడా కొత్త వాతావరణానికి అలవాటు పడటానికే. నా పేచీ ఆటతో కాదు, ఆడించే తీరుతో.

వరసగా ఒక్కొక్కరినీ లేపి ‘నీ గురించి చెప్పు’ అనే పద్ధతినే తీసుకోండి. దాని వల్ల ఒకరి గురించి ఒకరికి తెలియాలి కదా? తెలియదు. 1973లో మాల్కమ్ బ్రెనర్ అనే పరిశోధకుడు కొందరిని కూర్చోబెట్టి ఒక్కొక్కరితో వరసగా మాటలు చదివించాడు. తర్వాత ఏమేం గుర్తున్నాయని అడిగితే, తమ వంతుకు కాస్త ముందు చదివిన మాటలే వాళ్లకు గుర్తు లేవు. ‘నా వంతు వస్తోంది’ అన్న ధ్యాసలో పక్కవాడి మాట చెవికెక్కదన్నమాట. ముప్పై మూడో మనిషి ఏం జంతువో నాకు ఇప్పటికీ తెలియదు!

దీనికి మందు చాలా చవక. ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టండి. అరవై మంది తలో నిమిషం మాట్లాడితే గంట పడుతుంది. జంటలుగా అయితే ఐదు నిమిషాల్లో అందరూ మాట్లాడేస్తారు. ఆపైన నలుగురైదుగురితో ‘మీ పక్కనున్న వ్యక్తిని పరిచయం చేయండి’ అనొచ్చు. మన గురించి చెప్పుకోవడం కన్నా ఇంకొకరి గురించి చెప్పడం సులువు. ప్రశ్నలు కూడా ‘పొద్దున ఎలా వచ్చావ్, బస్సులో సీటు దొరికిందా, టిఫినేం తిన్నావ్’ దగ్గర మొదలవ్వాలి. ‘జీవితంలో నీ పెద్ద ఓటమి ఏంటి?’ అని మొదట్లోనే అడిగే ట్రైనర్లున్నారు. దయచేసి అడగొద్దు. అమెరికా సైకాలజిస్టు ఆర్థర్ ఆరన్ 1997లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ముక్కూమొహం తెలియని ఇద్దరిని దగ్గర చేయడానికి 36 ప్రశ్నలు వాడాడు. అవి తేలిక ప్రశ్నలతో మొదలై మెల్లగా లోతుకెళ్తాయి. మెట్లెక్కినట్టే.

మన దగ్గర ఇంకో చిక్కుంది. ‘ఇంటిపేరేంటి?’, ‘ర్యాంకెంత?’, ‘తెలుగు మీడియమా?’.. పరిచయాలు ఈ మూడింటితో మొదలవుతుంటాయి. ఇంటిపేరు ఎందుకడుగుతున్నారో అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. ఇవి మనిషిని తెలుసుకునే ప్రశ్నలు కావు, గళ్లలో పెట్టే ప్రశ్నలు. హాస్టల్లో సీనియర్ ‘ఇంట్రో ఇవ్వరా’ అని పాట పాడించినా, డ్యాన్స్ చేయించినా అది ర్యాగింగే. దానికి 1997 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ఉంది, 2009 నాటి యూజీసీ నిబంధనలున్నాయి. అదే పని మైకు పట్టుకుని ట్రైనర్ చేయిస్తే ‘ఫన్ యాక్టివిటీ’ ఎలా అయింది? చేతులు పట్టుకుని ముడిపడి విప్పుకునే ఆట కూడా అంతే. ముట్టుకోవడం ఇష్టంలేని అమ్మాయి పక్కకు తప్పుకుంటే ‘స్పోర్టివ్ కాదు’ అంటారు. తప్పుకునే వీలు లేకపోతే అది ఆటే కాదు.

‘నీళ్లలోకి తోస్తేనే ఈత వస్తుంది సార్’ అని ఓ తోటి ట్రైనర్ నాతో వాదించాడు. మా ఊళ్లో ఈత నేర్పేది బావిలోనే. కానీ నడుముకు బెండు కట్టి దించేవాళ్లు. పైన గట్టు మీద తాడు పట్టుకుని ఒకరుండేవాళ్లు. ఆ బెండు సంగతి మర్చిపోయి తోయడం ఒక్కటే గుర్తుపెట్టుకున్నాం.

నా క్లాసులో నేనెక్కువగా ఆడించేది రాముడు-సీత చీటీలు. చిన్నప్పుడు సెలవుల్లో మనమంతా ఆడిందే. ఐదుగురికి ఐదు చీటీలు. రాముడొచ్చినవాడు సీత ఎవరి దగ్గరుందో కనిపెట్టాలి. అందుకోసం అందరి మొహాల్లోకీ చూడక తప్పదు. కళ్లలోకి చూసి మాట్లాడమని గ్రూప్ డిస్కషన్ కోసం మేం నెత్తీనోరూ కొట్టుకుని చెప్పేది ఇదే కదా! ముందుగా సిద్ధం చేసుకోవాల్సిన జవాబంటూ లేదు, ఇంగ్లిష్ అక్కర్లేదు. ఖర్చు ఒక నోట్‌బుక్ కాగితం.

చేతులతో చేసే పని ఇచ్చినా బాగుంటుంది. టామ్ వుజెక్ 2010 టెడ్ ప్రసంగంతో పేరొచ్చిన మార్ష్‌మాలో ఛాలెంజ్ మీలో కొందరికి ఇండక్షన్‌లో ఎదురవ్వొచ్చు. ఇరవై స్పఘెట్టి పుల్లలు, గజం టేపు, గజం దారంతో 18 నిమిషాల్లో వీలైనంత ఎత్తు కట్టి, పైన మార్ష్‌మాలో నిలబెట్టాలి. బిజినెస్ స్కూల్ పట్టభద్రుల కన్నా కిండర్‌గార్టెన్ పిల్లలే బాగా కడతారని ఆయన చెప్పాడు. పెద్దవాళ్లు ప్లాన్ వేసి, లీడరెవరో తేల్చుకుని, ఆఖరి నిమిషంలో మార్ష్‌మాలో పెడతారు, కూలిపోతుంది. పిల్లలు మొదటి నుంచీ పెట్టి చూసుకుంటూ కడతారు. హాస్టల్ గదిలో పాత న్యూస్‌పేపర్లు, టేపుతో మీరూ ఆడుకోవచ్చు.

ఇక క్యాంపస్ డ్రైవ్ రోజున ఎవరూ మీకు ఆట ఆడించరు. గ్రూప్ డిస్కషన్ గది బయట పది మందిని కూర్చోబెడతారు. అందరూ ఫోన్లలోనో ఫైళ్లలోనో తల దూర్చేస్తారు, పక్కవాడు పోటీదారు కాబట్టి. మీరు మాత్రం ఇటూ అటూ ఉన్న ఇద్దరి పేర్లు, ఊళ్లు కనుక్కోండి. తెలుగులోనే మాట్లాడండి, ఏం ఫర్వాలేదు. లోపలికెళ్లాక ‘ఆవిడ చెప్పినట్టు’ అనే బదులు పేరు పెట్టి ఆ మాటను అందుకోవచ్చు. గొంతు అప్పటికే ఒకసారి బయటికొచ్చి ఉంటుంది కాబట్టి రెండోసారి వణుకు తక్కువ.

పోయినేడాది మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఉండేది. మూడు వారాలు అటెండెన్స్‌కి తప్ప నోరు విప్పలేదు. రాముడు-సీత ఆటలో మార్కులు తప్పుగా కూడారని ఓ రోజు లేచి నిలబడింది. అబ్బాయిలు ముగ్గురితో ఐదు నిమిషాలు గట్టిగా తగువేసుకుంది, లెక్క తిరగ రాయించేదాకా కూర్చోలేదు. ఆ రోజు మాక్ గ్రూప్ డిస్కషన్ ఆ అమ్మాయితోనే మొదలుపెట్టించాను.