లక్ష్మణ్ పక్కన రైనా కూడా ఉన్నాడు

దెబ్బ తగిలినోడికి మన దగ్గర రెండే రెండు సలహాలు దొరుకుతాయి. ఇంట్లో అయితే, "అన్నీ బంద్ పెట్టి సప్పుడు చేయకుండా పండుకో." గ్రౌండ్‌లో అయితే, "ఏం కాదు మామా, లాగెయ్." మూడు నెలల నుంచి ఈ రెండూ రోజూ వింటున్నా. రెండింట్లోనూ ప్రేమ ఉంది, కాదనను. కానీ రెండూ తప్పే. మధ్యలో మూడో దారి ఒకటి ఉంది. మన క్లబ్బులు గానీ, మన కాలేజీ గానీ దాని వైపు చూడటం లేదన్నదే నా బాధ.

నా సంగతి ముందే చెప్పేస్తా. మెకానికల్ మూడో సంవత్సరం, డే స్కాలర్, ఇల్లు లాల్‌దర్వాజా. రెండేళ్లుగా సిటీలో ఒక చిన్న ట్రయథ్లాన్ క్లబ్‌తో కలిసి ప్రాక్టీస్ చేస్తున్నా. ట్రయథ్లాన్ అంటే ఈత, సైకిల్, పరుగు. మధ్యలో ఆగకుండా ఒకదాని వెంట ఒకటి చేయాలి. చిన్న పందేన్ని స్ప్రింట్ అంటారు: 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఈ ఆట మొదటిసారి చేరింది, అక్కడి దూరాలు సరిగ్గా దీనికి రెట్టింపు. మా క్లబ్‌లో ఒలింపిక్స్‌కి పోయేవాళ్లెవరూ లేరు. ఒక బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు టీచర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లు మస్తుమంది, నాలాంటి స్టూడెంట్లు నలుగురు. ఈత ఉన్న రోజు తెల్లారుజామున నాలుగున్నరకు లేచి, శాలిబండ, చార్మినార్, హుస్సేనీ ఆలం, పురానాపూల్, కార్వాన్, టోలిచౌకి దాటి గచ్చిబౌలి దాకా సైకిల్ మీద పోతా. పాతబస్తీ పిల్లగాడికి ట్రయథ్లాన్ అసలు పందెం కన్నా ముందే మొదలవుతుంది.

మూడు నెలల కింద కుడి కాలి ముందెముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు, ఎమ్మారైలో కనబడింది. ఈ రకం పగుళ్లు మొదట్లో ఎక్స్‌రేకి చిక్కకపోవడం మామూలేనని డాక్టర్ చెప్పారు. పరుగు బంద్.

ఇక్కడ మన సబ్జెక్టు కొంచెం పనికొస్తుంది. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌లో ఫటీగ్ చాప్టర్ గుర్తుందా? రైలు ఇరుసులు మోయగలిగిన బరువే మోస్తూ కూడా కొన్నాళ్లకు ఎందుకు విరుగుతున్నాయో 19వ శతాబ్దంలో వోలర్ అనే జర్మన్ ఇంజనీర్ పరీక్షలు పెట్టి చూశాడు. మనం పరీక్షల్లో గీసే ఎస్-ఎన్ కర్వ్ అక్కడి నుంచి వచ్చిందే. ఒక్క దెబ్బకు విరగనిది లక్ష చిన్న దెబ్బలకు విరుగుతుంది. నా కాలికి జరిగింది అదే లెక్క. కానీ ఎముక ఇనుము కాదు. ఇనుములో పగులు పడితే ఇరుసును షెడ్డులో పడుకోబెట్టినా పూడదు. ఎముకలో పూడుతుంది. పాడైన భాగాన్ని ఒక రకం కణాలు తినేస్తాయి, ఇంకో రకం కణాలు కొత్త ఎముక కడతాయి. చిక్కంతా టైమింగ్‌లోనే. తినే పని వారాల్లో అయిపోతుంది, కట్టే పనికి నెలలు పడుతుంది. మన మున్సిపాలిటీ రోడ్డు తవ్వినట్టే. తవ్వడం ఒక్క రాత్రి, పూడ్చడం ఎప్పుడో. తవ్వి ఉన్నప్పుడు దాని మీద లారీ పోనిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. "లాగెయ్ మామా" అనే సలహా ఆ లారీనే.

మరి అమ్మ చెప్పేదే కరెక్టా? పూర్తిగా పండుకోవాలా? అదీ కాదు. ఎముక తన మీద పడే బరువును బట్టి తనను తాను మలుచుకుంటుందని జూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. అంతరిక్షంలో కాళ్ల మీద బరువు లేకుండా ఉండే వ్యోమగాములకు, సరైన వ్యాయామం లేకపోతే, బరువు మోసే ఎముకల్లో నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా సాంద్రత తగ్గుతుంది. అంటే బరువు ఎక్కువైతే పగులుతుంది, అసలే లేకపోతే పలచబడుతుంది. గాయం తగ్గడమంటే ఈ రెండు గీతల మధ్య నడవడం. ట్రయథ్లెట్ అదృష్టం ఏంటంటే అతనికి మూడు ఆటలున్నాయి. పరుగు పోయినా ఈత ఉంది. ఫిజియో ఒప్పుకుంటే, సీటు మీద నుంచి లేవకుండా తొక్కే సైకిల్ ఉంది.

శరీరం సంగతి ఇంత తేలిగ్గా తేలుతుంది. తేలనిది మనసు సంగతి. అక్కడ మనం విన్న కథలే మనకు అడ్డం పడతాయి.

మన హైదరాబాద్ వాళ్లందరికీ తెలిసిన కథ ఒకటుంది. 2010 అక్టోబర్, మొహాలీ టెస్టు, ఎదురుగా ఆస్ట్రేలియా. లక్ష్యం 216. నడుం పట్టేసిన లక్ష్మణ్ 73 నాటౌట్‌గా నిలబడి ఒక్క వికెట్ తేడాతో గెలిపించాడు. చివర్లో పరుగుకు కదలని ఓఝా మీద, ఎప్పుడూ గొంతు పెంచని లక్ష్మణ్ అరిచిన అరుపు ఇప్పటికీ క్లిప్పుల్లో తిరుగుతూనే ఉంది. క్లబ్ గ్రూపులో ఎవరికి దెబ్బ తగిలినా ఎవరో ఒకరు ఈ వీడియో పెడతారు. "నొప్పి ఉన్నా ఆడాడు చూడు" అని. నాకూ పెట్టారు.

ఆ వీడియోని ఇంకోసారి జాగ్రత్తగా చూడండి. లక్ష్మణ్ బ్యాట్ ఊపుతున్నాడు. పరుగెత్తుతున్నది సురేశ్ రైనా. నడుం బాగాలేదు కాబట్టి లక్ష్మణ్ తన కోసం రన్నర్‌ని తీసుకున్నాడు. తనకు చేతనైన పని తను చేశాడు, చేతగాని పనిని ఇంకొకడికి అప్పగించాడు. మనం నొప్పిని గుర్తుపెట్టుకుని రైనాని మర్చిపోయాం. 2011లో ఐసీసీ అంతర్జాతీయ మ్యాచుల్లో రన్నర్‌ని తీసేసింది, అది వేరే సంగతి. కథ మాత్రం మనం చెప్పుకునే కథ కాదు. ఇద్దరి కథని ఒక్కడి కథ చేసేశాం.

ఇంకో కథ సింధుది. 2022 ఆగస్టు, బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలు. క్వార్టర్ ఫైనల్‌లో ఎడమ కాలికి నొప్పి మొదలైంది. అయినా ఆడి, ఫైనల్‌లో మిషెల్ లీని ఓడించి స్వర్ణం తెచ్చింది. మనం పండగ చేసుకున్నాం. చేసుకోవాలి కూడా. కానీ కథ అక్కడ ఆగలేదు. ఆ తర్వాత స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది. అదే నెలలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోయింది. మళ్లీ కోర్టులోకి రావడానికి 2023 జనవరి దాకా పట్టింది. తర్వాతి టైటిల్ 2024 డిసెంబర్‌లో సయ్యద్ మోదీ టోర్నీలో. అదంతా ఆ ఒక్క కాలి వల్లే అని నేననను, ఆటలో వంద కారణాలుంటాయి. ఆమె ముందున్నది దేశం తరఫున పతకం, చుట్టూ ఫిజియోలు, కోచ్‌లు. మన ముందున్నది ఒక ఫినిషర్ మెడల్, పక్కనే వోలిని స్ప్రే. ఆమె తీసుకున్న రిస్కుని మనం కాపీ కొట్టడానికి మనకు కారణమూ లేదు, సరంజామా కూడా లేదు.

మరి ఏం చేయాలి? జవాబు నాకు ఫిజియో దగ్గర సగం దొరికింది, మా గల్లీలో సగం దొరికింది.

పాతబస్తీలో తాలీంలు ఉన్నాయని మీకు తెలిసే ఉంటుంది, కుస్తీ నేర్పే చోట్లు. మా పక్కింటి పెద్దాయన వయసులో ఉన్నప్పుడు కుస్తీ పట్టినాయన. నా కాలు చూసి అడిగిన మొదటి ప్రశ్న, "క్లబ్బుకు పోతున్నవా బేటా?" పరుగెత్తుతున్నావా అని కాదు, పోతున్నావా అని. వాళ్ల తాలీంలో భుజం జారినోడు కూడా పొద్దున్నే రావాల్సిందేనట. కుస్తీ పట్టడు. మట్టి చల్లగా ఉందో లేదో చూస్తాడు, చిన్నపిల్లల బైఠక్‌లు లెక్కపెడతాడు. "ఇంట్ల కూసుంటె ఒళ్లు బాగైతది గని దిల్ కరాబైతది" అన్నాడాయన. నేను విన్న స్పోర్ట్స్ సైకాలజీలో ఇంత చిన్న లెక్చర్ ఇంకోటి లేదు.

మా నాయినమ్మ కూడా ఇదే చెప్పింది, వేరే భాషలో. ఆషాఢంలో మా దగ్గర సింహవాహిని మహంకాళి బోనాలు ఎట్లుంటాయో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఒక ఏడు నాయినమ్మకు మోకాళ్లు లేవలేదు. తలమీద బోనం పెట్టుకుని ఆ జనంలో నడిచే పరిస్థితి లేదు. బోనం చిన్నమ్మ ఎత్తింది. నాయినమ్మ ఇంట్లో కూర్చోలేదు. బోనానికి పసుపు కుంకుమ తనే పెట్టింది, వేపాకు తనే కట్టింది, కాలు సాగినంత దూరం పక్కనే నడిచింది. "ఎవల తలమీద పోతే ఏంది? మనింటి బోనం పోయిందా లేదా?" అంటుంది ఇప్పటికీ.

ట్రయథ్లాన్‌లో దీనికి పేరుంది: రిలే. ఒకరు ఈత, ఒకరు సైకిల్, ఒకరు పరుగు. లేదా ఇద్దరే పంచుకోవచ్చు. మడమకు కట్టుకున్న టైమింగ్ చిప్ ఒకరి కాలి నుంచి ఇంకొకరి కాలికి మారుతుంది. పోయిన నెల మా క్లబ్ పెట్టుకున్న స్ప్రింట్ పందెంలో నేను అట్లనే దిగాను. ఈత, సైకిల్ నావి. పరుగు నా క్లాస్‌మేట్‌ది. ముందు రోజు రాత్రి ఫిజియో చెప్పిన మాటల్ని ఒక కాగితం మీద మూడు లైన్లుగా రాసి వాడి చేతికిచ్చాను. గోడను ఎడమ కాలితోనే తన్నాలి. కొలను నుంచి సైకిల్ దాకా నడవాలి, పరుగెత్తకూడదు. నొప్పి మొదలైతే అక్కడే దిగిపోవాలి. రూలు నా జేబులో ఉంటే ఆ వేడిలో నేనే చించేస్తానని తెలుసు. అందుకే అది వాడి జేబులో ఉండాలి.

నిజంగా కష్టమైంది ఈత కాదు, ఆ నడకే. కొలను నుంచి సైకిల్ దాకా వంద మీటర్లు కూడా ఉండదు. నా వెనక నీళ్లలోంచి లేచిన ఆరుగురు నన్ను దాటి ఉరికారు. కాలు అస్సలు నొప్పి లేదు, అదే అసలు పరీక్ష. పక్కన తాడు అవతల నిలబడి మావోడు "నడు, నడు" అని అరుస్తూనే ఉన్నాడు. ఆ అరుపు లేకపోతే ఏమయ్యేదో చెప్పలేను. క్లబ్ ఉండాల్సింది ఆ అరుపు కోసం. "లాగెయ్" అనడానికి ఎవరైనా దొరుకుతారు. "నడు" అనే దోస్తు దొరకడం కష్టం.

దీనికి నాకు ఎదురైన వాదనలు రెండు. ఒకటి, "సగం చేసి ట్రయథ్లెట్ అని ఎట్లంటావ్?" అననులే, ఆ రోజుకి అనను. కానీ 1978లో హవాయిలో మొట్టమొదటి ఐరన్‌మ్యాన్ పందెంలో దిగింది 15 మంది, పూర్తి చేసింది 12 మంది. ఆ మొదటి ఐరన్‌మ్యాన్ రోజే ముగ్గురు మధ్యలో ఆగిపోయారు. ఆగడం ఈ ఆటకు కొత్త కాదు, మన స్ట్రావా ఫీడ్‌కి మాత్రమే కొత్త. రెండోది కొంచెం గట్టి వాదన. "గాయంతో ఉన్నోడిని పందెం దగ్గరికి రానిస్తే, రోషం వచ్చి మొత్తం లాగేస్తాడు. రాకపోవడమే సేఫ్." నిజమే, అట్లా చేసేవాళ్లున్నారు. డాక్టర్ వద్దన్నప్పుడు ఏ రిలేలోనూ దిగకూడదు, అందులో రెండో మాట లేదు. కానీ మిగతావాళ్లను దూరం పెడితే రోషం పోతుందా? ఇంటి దగ్గర, ఒంటరిగా, ఎవరూ చూడని రోడ్డు మీద ఆ రోషం తీర్చుకుంటారు. అక్కడ "నడు" అని అరిచేవాడు ఉండడు.

అందుకే అడుగుతున్నా. ఇంతకుముందు ఒక ఈవెంట్‌లో నా ఎంట్రీని రిలేకి మార్చమని అడిగితే, "అట్లా కుదరదు, రాకపోతే డబ్బులు పోతాయి" అన్నారు. కట్టిన డబ్బులు పోతాయనే భయంతో పగిలిన ఎముకతో పరుగెత్తే వాళ్లు ఎంతమందో. రెండు వారాల ముందు దాకా ఎంట్రీ మార్చుకోనిస్తే నిర్వాహకులకు పోయేది ఒక ఎక్సెల్ షీట్‌లో ఒక్క కాలమ్. క్లబ్బుల్లో దెబ్బ తగిలినవాళ్ల పేరు గ్రూపులోంచి జారిపోకుండా వాళ్లకొక పని ఇవ్వండి: టైం రాయడం, నీళ్ల టేబుల్, కొత్తవాళ్లకు సైకిల్ ట్యూబ్ మార్చడం నేర్పడం. మన కాలేజీ స్పోర్ట్స్ మీట్‌కి వచ్చే సెమ్‌లో ఎలాగూ కమిటీ వేస్తారు. క్రాస్ కంట్రీకి జంట రిలే ఒకటి పెట్టమని నేను లెటర్ రాస్తున్నా. సంతకాలు కావాలి.

నా కాలు ఇంకా పూర్తిగా కాలేదు. పోయిన వారం నుంచి ఒక నిమిషం పరుగు, నాలుగు నిమిషాల నడక మొదలుపెట్టమన్నారు. మీలో ఎవరికైనా మోకాలో, మడమో, నడుమో పట్టేసి గ్రౌండ్‌కి రావడం మానేసి ఉంటే, శనివారం సాయంత్రం ఐదింటికి కాలేజీ గ్రౌండ్‌కి రండి. నాలుగు నిమిషాల నడకలో తోడు కావాలి.