క్రిమి పోయింది, మరి ఊపిరి?

క్షయ అనగానే ఒకప్పుడు జనం ప్రాణాల మీద ఆశ వదులుకునేవారు. ఈనాడు ఆ భయం అక్కరలేదు. మందులకు లొంగే మామూలు క్షయకు 6 నెలల చికిత్స చాలు. మొదటి 2 నెలలు నాలుగు రకాల మందులు, తరువాతి 4 నెలలు మూడు రకాలు క్రమం తప్పకుండా వాడితే చాలామందిలో క్రిములు నశిస్తాయి. చివర కళ్లె పరీక్ష చేస్తారు. అందులో క్రిములు లేకపోతే రోగికి నయమైనట్లు నమోదు చేస్తారు.

ఆ మాట నిజమే. కాని అది సగం నిజమని నా అభిప్రాయం. కళ్లె పరీక్ష క్రిమి సంగతి చెబుతుంది. ఊపిరితిత్తి ఎలా ఉందో చెప్పదు.

పూరిల్లు అంటుకుంది అనుకోండి. ఊరంతా పరుగెత్తి బిందెలతో నీళ్లు పోసి మంటలు ఆర్పారు. మంట ఆరింది కదా అని కాలిన కప్పు దానంతటదే తిరిగి వస్తుందా? ఊపిరితిత్తుల్లోనూ ఇలాగే జరుగుతుంది. మన ఊపిరితిత్తుల్లో 30 కోట్లకు పైగా వాయుగోణులున్నాయి. ప్రాణవాయువు రక్తంలోకి చేరేది వాటి పలుచని గోడల గుండానే. క్షయక్రిములకూ శరీర రక్షణ బలగానికీ జరిగే పోరులో కొన్నిచోట్ల ఈ కణజాలం నశించి గుంటలు పడతాయి. మానిన చోట మచ్చ కడుతుంది. కాలిన చర్మం మానాక బిగుసుకుపోయినట్లే ఆ భాగం సాగే గుణాన్ని కోల్పోతుంది. కొందరిలో శ్వాసనాళాలు ఇరుకవుతాయి, మరికొందరిలో వదులై కళ్లె నిలువ ఉంటుంది. అందరికీ ఇలా జరగదు. చికిత్స త్వరగా మొదలైతే నష్టం తక్కువ.

ఈ నష్టం ఎంతో కొలవవచ్చు. దానికి కత్తి వద్దు, సూది వద్దు. నిండా గాలి పీల్చి స్పైరోమీటరు గొట్టంలోకి గట్టిగా ఊదితే చాలు. ఆరోగ్యవంతుడైన యువకుడు ఊదిన మొత్తం గాలిలో సుమారు 80 శాతం మొదటి సెకనులోనే బయటికి వస్తుంది. నాళాలు ఇరుకైతే ఈ వంతు తగ్గుతుంది. ఊపిరితిత్తి బిగుసుకుపోతే మొత్తం గాలే తగ్గుతుంది.

ఇక్కడ ఒక చిత్రమైన విషయం చెప్పాలి. స్పైరోమీటరు గురించి లండన్ వైద్యుడు జాన్ హచిన్సన్ 1846లో వివరంగా రాశాడు. రెండువేల మందికి పైగా ఊపిరి కొలిచాడు. క్షయను తొలిదశలోనే పసిగట్టాలన్నది ఆయన ఆశల్లో ఒకటి. రాబర్ట్ కోక్ క్షయక్రిమిని కనుగొన్నట్లు ప్రకటించింది 1882లో. అంటే క్రిమి ఎవరో తెలియక ముందే వైద్యులు ఊపిరిని కొలిచారు! క్రిమి దొరికాక మన చూపంతా దాని మీదనే నిలిచింది.

దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో 27,660 మంది కార్మికులపై జరిగిన పరిశీలన 2000లో వెలువడింది. ఒకసారి క్షయ వచ్చి తగ్గినవారిలో 18.4 శాతం మందికి గాలిని వేగంగా వదిలే శక్తి దీర్ఘకాలంగా తగ్గిపోయింది. రెండుసార్లు వచ్చినవారిలో 27.1 శాతం, మూడుసార్లు లేక అంతకు మించి వచ్చినవారిలో 35.2 శాతం. గని దుమ్ము కూడా చేటే. అయితే అవే గనుల్లో పనిచేస్తూ క్షయ రానివారితో పోల్చినా తేడా కనిపించింది.

"పోయిన ఊపిరితిత్తి తిరిగి రానప్పుడు కొలిచి ఏం లాభం?" అని మీరు అడగవచ్చు. లాభం ఉంది. నష్టం తెలిస్తే శ్వాస వ్యాయామాలు నేర్పవచ్చు. నాళాలు ఇరుకైనవారిలో తగినవారికి పీల్చే మందులు ఇవ్వవచ్చు. పొగ మానమనీ, దుమ్ములో పని వద్దనీ ముందే హెచ్చరించవచ్చు. ఆయాసం చూసి క్షయ మళ్లీ వచ్చిందని పొరబడి, కళ్లె పరీక్ష లేకుండానే మందులు మొదలుపెట్టే ప్రమాదమూ తగ్గుతుంది.

"అంత ఖర్చు మనకెక్కడిది?" అని పెద్దలు అనవచ్చు. క్షయరోగిని శానిటోరియంలోనే ఉంచాలని లోకం నమ్మిన రోజుల్లో, 1956లో మద్రాసులో ఒక పరిశోధన కేంద్రం ఏర్పడింది. ఇంటి దగ్గర మందులు వాడినా అంత గుణమూ ఉంటుందని అక్కడి పరిశోధన 1959లో తేల్చింది. చౌకైన దారి వెతకడం మనకు కొత్త కాదు. స్పైరోమీటర్లలో చేతిలో ఇమిడేవి కూడా ఉన్నాయి. ప్రతి ఊరికీ ఒకటి అక్కరలేదు. చికిత్స ముగించినవారిని వంతుల వారీగా పిలిచి ఒక పెద్ద ఆసుపత్రిలో పరీక్షించినా చాలు.

పరికరాలు కొనడం మీ చేతిలో లేదు. కాని మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. క్షయ నయమై బడికి వచ్చిన స్నేహితుడు ఆటల పీరియడులో రొప్పుతుంటే "వీడికి ఇంకా తగ్గలేదు" అని దూరం జరగకండి. "బద్ధకం" అని గేలి చేయకండి. అంటుకునేది క్రిమి, ఆయాసం కాదు. అయితే దగ్గు, జ్వరం మళ్లీ వస్తే మాత్రం కళ్లె పరీక్ష చేయించుకొమ్మని చెప్పండి.

కళ్లెతోపాటు ఊపిరినీ పరీక్షించిన తరువాతే చికిత్స పూర్తయిందని రాయాలి. మీరేమంటారు?