జీపులో గండికోటకు వెళుతున్నారా?

సెలవులు రాగానే జీపు వేసుకుని గండికోటకు వెళ్ళి, పెన్న లోయ అంచున గుడారంలో ఒక రాత్రి గడిపి రావాలనే సరదా ఈమధ్య బాగా పెరిగింది. వెళ్ళండి! స్టెపినీ, జాకీ ఎవరూ మరచిపోరు. మరచిపోయేది మంచినీళ్ళే. కడప ఎండల్లో మనిషికి రోజుకు ఐదారు లీటర్లు వుండాలి. రేడియేటరుకు వేరే డబ్బా పెట్టుకోండి.

అసలు జాగ్రత్త రాత్రికి కావాలి. కట్లపాము నేలమీద నిద్రపోయేవారిని కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా వుండవు. గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేస్తే, రాత్రి తిన్న బిరియానీ పడలేదని సోడా తాగించి కూర్చుంటారు! రెప్పలు వాలిపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా విషమని అనుమానించండి. ఆలస్యమైతే ఊపిరి ఆగిపోతుంది.

కట్లు బిగించడం, కోయడం, మంత్రం వేయించడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, నడిపించకుండా జీపులో పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకుపోండి. పామును చంపి తేనక్కరలేదు. మన దేశపు విరుగుడు ఇంజక్షను నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి - నాలుగింటి విషానికీ పనిచేస్తుంది.

వెళ్ళేటప్పుడే జమ్మలమడుగులో ఆగి ప్రభుత్వాస్పత్రి దారి చూసుకుని, ఆ ఇంజక్షను వుందో లేదో అడగండి. జీపు ముఖం రోడ్డువైపు వుంచండి. నడిపేవాడు ఆ రాత్రి మందు ముట్టకూడదు. మడతమంచం మీద పడుకుని దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకోండి. చీకట్లో లేస్తే టార్చి వేసి, బూట్లు దులిపి తొడుక్కోండి.