అటక మీది క్యాసెట్లు

భోగికి ముందు అటక దులపడం మా ఇంట్లో ఏటా ఉండే పనే. ఈసారి ఇత్తడి బిందె వెనకాల ఒక పాత బిస్కెట్ల డబ్బా దొరికింది. మూత తీస్తే 19 క్యాసెట్లు! నేను కాపురానికి వచ్చేటప్పుడు సారెతో పాటు అమ్మ సర్ది ఇచ్చినవి. వాటిలో ఆరింటికి పైన చుట్టిన పల్చటి ప్లాస్టిక్ కాగితం కూడా ఊడలేదు. అంటే 28 ఏళ్లుగా ఎవరూ విప్పి చూడలేదన్నమాట.

"అమ్మా, ఇవన్నీ విన్నావా?" అంది మా అమ్మాయి.

"ఎందుకు వినలేదే, అన్నీ తెలిసినవే" అన్నాను గబుక్కున. అన్నాక నాకే సిగ్గేసింది. చిట్టిబాబు గారి వీణ క్యాసెట్టు సీలు ఎదురుగా కనబడుతోంది కదా! "ఆయన మన కాకినాడ వాడే" అని అమ్మ ఎంత గర్వంగా చెప్పేదో గుర్తుంది. వీణ మీద కోయిల కూత పలికించారని అందరికీ చెప్పినదాన్నీ నేనే. వినడం మాత్రం కుదరలేదు.

సరే, విప్పినవాటి సంగతేమిటి? 1980 ప్రాంతంలో తిరుమల తిరుపతి దేవస్థానం కోసం ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు ఐదు భాగాలుగా పాడిన బాలాజీ పంచరత్నమాల ఉంది. కొత్త కాపురంలో పొద్దున్నే అదే పెట్టేదాన్ని. పల్లవి మొదలయ్యేసరికి కుక్కర్ కూత. చరణం వచ్చేసరికి పచ్చడికి మిక్సీ. ఆ తర్వాత చరణానికి మా వారి టిఫిన్ డబ్బా, పాలవాడు, కుళాయి నీళ్లు. ఆవిడ లోపల హాల్లో పాడేవారు, నేను వంటింట్లో తిరిగేదాన్ని. ఇన్నేళ్లూ నేను విన్నాననుకున్నది పాట కాదు, పాట వెళ్తుంటే వచ్చిన చప్పుడు.

అందుకని ఒక నియమం పెట్టుకున్నాను. ప్రతి గురువారం మధ్యాహ్నం రెండు నుంచి మూడు వరకూ ఒక్క ఆల్బమ్, మొదటి నుంచి చివరి దాకా, అదే వరసలో. చేతిలో చిక్కుడుకాయలు ఉండకూడదు, మడతపెట్టే బట్టలు ఉండకూడదు. మా టేప్ రికార్డర్ ఎప్పుడో పాత సామాన్లవాడికి పోయింది. క్యాసెట్ల లోపలి టేపు కూడా బూజు పట్టింది. అవే ఆల్బమ్‌లు వెతికి మా అమ్మాయి ఫోన్‌లో పెట్టి ఇచ్చింది.

మొదటి గురువారం ఏం జరిగిందో చెప్పనా? నాలుగుసార్లు లేచాను. గ్యాస్ కట్టేశానా లేదా అని ఒకసారి, పెరుగు తోడు వేశానా అని ఇంకోసారి. మిగతా రెండూ ఎందుకో నాకే తెలియదు. పట్టపగలు ఊరికే కూర్చోవడం ఏదో తప్పు చేస్తున్నట్టే అనిపించింది. ఎవరైనా వస్తారేమోనని ఒళ్లో ఒక పత్రిక కూడా పెట్టుకున్నాను. మా ఇంట్లో నన్ను ఎవరూ ఏమీ అనరు. అయినా ఆ బెరుకు పోవడానికి మూడు వారాలు పట్టింది.

మూడో వారం ఎం.ఎస్. గారిని పెట్టాను. అన్నమయ్య రాసిన 'నానాటి బతుకు' వచ్చింది. నేదునూరి కృష్ణమూర్తి గారు రేవతి రాగంలో కట్టిన బాణీ అది. ఇన్నాళ్లూ నాకది పొద్దుటి ప్రశాంతమైన పాట, అంతే. ఆ రోజు కూర్చుని వింటే ఒక చరణంలో, మనం తినే అన్నం, కట్టుకునే బట్ట కూడా ఈ నాటకంలో నడుమ వచ్చిన పనులేనని అంటున్నాడాయన. నేను నిర్ఘాంతపోయాను. అన్నం గురించి చెప్పిన ఆ మాట, అన్నం వండే హడావిడిలోనే నాకు ఇన్నేళ్లూ వినబడలేదు! దానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంకో వారం ఇళయరాజా గారి 'హౌ టు నేమ్ ఇట్'. 1986లో వచ్చింది, మా తమ్ముడి క్యాసెట్టు. త్యాగరాజస్వామికీ, జర్మనీ సంగీతకారుడు బాక్‌కీ అంకితం ఇచ్చిన ఆల్బమ్. మాటలు ఉండవు, అంతా వాద్యాలే. మాటలుంటే వంటింట్లోంచైనా ఒక ముక్క అందుకుంటాం. ఇందులో వయొలిన్ ఒకచోట మొదలుపెట్టినది ఇంకోచోట ఎలా కలుస్తుందో దగ్గర కూర్చుంటే గానీ తెలియదు. ఇదెందుకు సీలు తియ్యకుండా ఉండిపోయిందో అప్పుడర్థమైంది.

"పని చేసుకుంటూ వినొచ్చు కదా, అంత దీక్ష ఎందుకు?" అన్నారు మా వారు. ఆయన ప్రశ్నలోనూ న్యాయముంది. దంపుడు పాటలు, తిరగలి పాటలు, ఊడ్పు పాటలు, ఇవన్నీ ఆడవాళ్లు పనిలో పాడుకున్నవే కదా! కానీ తేడా ఉందండీ. అవి మనమే పాడినవి. రోకలి దెబ్బే వాటికి తాళం. పని ఆగితే పాట కూడా ఆగుతుంది. మిక్సీకీ ఎం.ఎస్. గారి రాగాలాపనకీ అలాంటి చుట్టరికం లేదు. పనిలో పాడుకోవడం వేరు, ఇంకొకరు పాడినది వినడం వేరు. రెండోదానికి మనిషి కూర్చోవాలి.

ఈ సంబరంలో, పండక్కి వచ్చి మా దగ్గరే ఉండిపోయిన అమ్మని కూడా ఒక గురువారం పక్కన కూర్చోబెట్టుకున్నాను. చిట్టిబాబు గారి వీణ పెట్టాను. అమ్మకి 76 ఏళ్లు. మూడేళ్లుగా చెవికి మిషన్ పెట్టుకుంటోంది. రెండు నిమిషాలు విని మొహం చిట్లించింది.

"ఏమిటే ఇది, ఎవరో గిన్నెలు తోముతున్నట్టుంది!"

నేను ఫోన్ చెడిందేమో అనుకున్నాను. కాదు. తర్వాత చెవి పరీక్ష చేసే అమ్మాయి విడమరిచి చెప్పింది. ఆ మిషన్లు ముఖ్యంగా మనిషి మాట వినబడటానికి తయారు చేసినవట. చిన్న శబ్దాన్ని పెంచి, పెద్ద శబ్దాన్ని తగ్గించి, ఈల లాంటి మోత వస్తే నొక్కేస్తాయట. సంగీతంలో సన్నని స్వరాన్ని కూడా అలాగే అనవసరపు మోత అనుకుంటాయట. వయసుతో మొదట తగ్గేది పై శ్రుతులు వినడమేనట. సంగీతం కోసం మిషన్‌లో వేరే అమరిక ఉంటే అది పెట్టించుకోమంది. పెట్టించాం. కొంత నయం. గొంతులు కాస్త తెలుస్తున్నాయి. వీణ మాత్రం అమ్మకి పూర్తిగా తిరిగి రాలేదు.

ఆ రాత్రి అమ్మ అన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "నాకూ ఒక సెట్టు కొనుక్కున్నానే. మీ పెళ్లిళ్లయ్యాక, బాధ్యతలు తీరాక, స్థిమితంగా విందామని బీరువాలో పెట్టాను." ఫిర్యాదులా అనలేదు. కాఫీలో పంచదార తక్కువైందని చెప్పినట్టు చెప్పింది.

అన్నమయ్య పాటలు రాగి రేకుల మీద చెక్కి తిరుమల గుడిలో ఒక అరలో ఉండిపోయాయి. వందల ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 20వ శతాబ్దం మొదట్లో గానీ అవి బయటికి రాలేదు. అయినా వేలకొద్దీ పాటలు దక్కాయి. రాగి రేకు అంతకాలం ఆగగలదు. మనిషి చెవి ఆగదు. ఆల్బమ్ ఎక్కడికీ పోదని మనం ధీమాగా ఉంటాం. నిజమే, అది పోదు. ఫోన్‌లో కూడా దొరుకుతుంది. పోయేది మన వైపుదే.

అందుకే నా అభిప్రాయం ఇది. బాధ్యతలు తీరాక అనే రోజు కోసం పాటని దాచకండి. బాధ్యతలు తీరవు, రూపం మార్చుకుంటాయంతే. పిల్లల పరీక్షలయ్యాక పెళ్లిళ్లు, అవయ్యాక పురుళ్లు. అలాగని విననివన్నీ చిట్టా రాసుకుని టిక్కులు పెట్టుకుంటూ పోకండి. అది ఇంకో ఇంటిపని అయి కూర్చుంటుంది. 19 క్యాసెట్లలో నేను ఇప్పటికి విన్నవి ఏడే. కంగారేం లేదు. వారానికి ఒక్క గంట, చేతులు ఖాళీగా పెట్టుకుని. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి. "ఏం చేస్తున్నావు?" అంటే "పాట వింటున్నాను" అనండి. అది పూర్తి జవాబే.

గురువారాలు ఇప్పుడు అమ్మ కూడా నాతో కూర్చుంటోంది. తనకి బాగా తెలిసిన కీర్తనలు పెడితే, చెవికి అందని చోట గుర్తున్నది కలుపుకుని తొడ మీద తాళం వేస్తుంది. తెలియనివి పెడితే కాసేపటికి నిద్రపోతుంది. ఈ గురువారం మా అమ్మాయి కూడా వచ్చి మా ఇద్దరి మధ్యా కూర్చుంది. ఫోన్ చేతిలో లేకుండా!

ఇంతకీ మీ అటక మీద ఏమున్నాయి?