వీధులకు పేర్లు పెట్టేటప్పుడు చెంచులు గుర్తుకు రారా?

నంద్యాలలో బస్సు దిగి ఏ పక్కకు పోయినా వీధికొక పేరు ఉంటుంది. కొన్ని దేవుళ్లవి, కొన్ని నాయకులవి. వీధులు ఆ పేర్లతో పుట్టలేదు. ఎప్పుడో ఎవరో కూర్చొని పెట్టినవే. ఆ కూర్చున్నోళ్లకు నల్లమల చెంచులు ఎందుకు గుర్తుకు రాలేదని నా ప్రశ్న.

రేనాటి వీరుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ మన జిల్లాలో తెలియనివాళ్లు లేరు. 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడినాడు. ఆ అక్టోబరులోనే పట్టుబడినాడు. 1847 ఫిబ్రవరి 22న కుంఫిణీవాళ్లు కోయిలకుంట్లలో ఉరితీసి, తలను ఏళ్ల తరబడి కోటకు వేలాడదీసినారు. 2021 మార్చిలో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టినారు. మంచి పనే, కాదనను. (మనలో ఆ గుమ్మం దాటినవాళ్లు ఎందరో చేతులెత్తండి చూద్దాం!) అయితే ఆయన ఒక్కడే పోరాడినాడా? వెంట వడ్డె ఓబన్న ఉన్నాడు. బోయలు, చెంచులు ఉన్నారు. ఆ తిరుగుబాటులో వందమందికి పైగా శిక్షలు పడినాయి. వాళ్ల పేర్లు మనకు పాఠంలో రావు.

అందుకే నంద్యాలలో ఒక వీధికి, ఆళ్లగడ్డలో ఒక వీధికి "రేనాటి చెంచు వీరుల వీధి" అని గౌరవనామం ఇవ్వాలని నేనంటాను. బోయల పేరు కూడా చేర్చమంటే చేర్చనీ, సంతోషమే.

ఉన్న పేరు తీసెయ్యమని మాత్రం అనను. అమెరికాలో న్యూయార్కు నగర కౌన్సిలు ఇట్లాంటి పేర్లకు చట్టం చేస్తుంది. పాత బోర్డు అట్లే ఉంటుంది, దాని కింద గౌరవనామం పలక వేస్తారు. పోస్టుమ్యానుకూ తికమక లేదు, రేషన్ కార్డులో అడ్రసూ మారదు. తీసి పెడితే ఏమవుతుందో మనం చూసినాం. 2022లో అసెంబ్లీలో చట్టం చేసి విజయవాడ హెల్త్ యూనివర్సిటీకి ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టినారు. 2024లో ఇంకో చట్టం చేసి మళ్లీ ఎన్టీఆర్ పేరు తెచ్చినారు. ఇద్దరూ పెద్దవాళ్లే, పేరు మాత్రం బంతాట అయింది. 1991లో మన నంద్యాల నుంచి ఎం.పి.గా గెలిచిన పి.వి. నరసింహారావు గారి పేరును 2021లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డుకు పెట్టినారు. జనం నోట ఇంకా నెక్లెస్ రోడ్డే!

"పేరు కూడు పెడుతుందా? ముందు గూడేలకు నీళ్లు, రోడ్లు అడగండి" అంటారు కొందరు. అవీ అడుగుదాం. కానీ విగ్రహాలకు చందా అడిగినప్పుడు ఈ మాట అనరేమి? వీధి పేరుకు కావలసింది ఒక తీర్మానం, ఒక రాయి. గూడెం బోరు డబ్బులు దీనికేమీ ఖర్చు కావు.

ఇంకొకరు అహోబిలంలో చెంచులక్ష్మి ఉంది కదా, చాలదా అంటారు. నరసింహస్వామి చెంచులింటి అల్లుడు. సంక్రాంతి అయినాక పారువేటకు బయలుదేరి నెల దాటినా ఆ చుట్టుపక్కల పల్లెలన్నీ తిరుగుతాడు. అల్లునికి ఊరూరా అంత మర్యాద చేసేవాళ్లు అత్తగారింటివాళ్లకు ఒక వీధి బోర్డు ఇవ్వలేరా?

మనమే రంగు డబ్బా తీసుకొని గోడ మీద రాస్తే రేపు ఎలక్షన్ పోస్టరు పడుతుంది. మున్సిపాలిటీ తీర్మానం అయితే మినిట్సు పుస్తకంలో ఉంటుంది, అడగడానికి మనకు ఆధారం ఉంటుంది. ఆ తీర్మానంలో 1846 సంగతి, చెంచుల సంగతి నాలుగు వాక్యాలైనా రాయాలి. అవే వాక్యాలు రాతిమీద చెక్కించాలి. దేశమంతా విగ్రహాలు చెక్కి పంపే శిల్పులు ఆళ్లగడ్డలోనే ఉన్నారు, రాయికోసం ఎక్కడికో పోనక్కరలేదు.

నంద్యాలలో ఆత్మకూరు పోయే దారి పక్కన ఒక వీధి, ఆళ్లగడ్డలో అహోబిలం దారి పక్కన ఒక వీధి అయితే బాగుంటుందని నా అభిప్రాయం. బైర్లూటి గూడెం నుంచి వచ్చే మనవాళ్ల కంట పడుతుంది. వేరే వీధి మంచిదనుకునేవాళ్లు వచ్చేవారం ఈ గోడమీదే రాయండి. మున్సిపల్ కమిషనరు గారికి అర్జీ చిత్తుప్రతి పదో తరగతి గదిలో పెట్టినాను. తప్పులు దిద్ది, సంతకాలు పెట్టండి.