మంచు పడే ఊళ్లలో ఎలక్ట్రిక్ కారు: అసలు చిక్కు చలి కాదు, పార్కింగ్

2024 జనవరి మధ్యలో చికాగోలో ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి పడిపోయింది. శివార్లలోని ఛార్జింగ్ స్టేషన్ల దగ్గర టెస్లా కార్లు బారులు తీరాయి. కొన్ని ఛార్జర్లు పనిచేయలేదు. పనిచేస్తున్నవాటి దగ్గర గంటల తరబడి వెయిటింగ్. క్యూలో ఉండగానే బ్యాటరీ అయిపోయిన కార్లను టో ట్రక్కులు లాక్కెళ్లాయి. దానికి కొద్ది రోజుల ముందే అద్దె కార్ల కంపెనీ హెర్ట్జ్ తన దగ్గరున్న దాదాపు 20 వేల ఎలక్ట్రిక్ కార్లను అమ్మేస్తున్నట్టు ప్రకటించింది. రిపేర్ ఖర్చులు, పడిపోతున్న రీసేల్ ధర దానికి కారణాలు. చలికి సంబంధమే లేదు. అయినా రెండు వార్తలూ ఒకదాని వెనక ఒకటి రావడంతో, మంచు పడే ఊళ్లలో ఎలక్ట్రిక్ కారు పనికిరాదన్న మాట చాలామంది మనసులో ముద్ర పడిపోయింది.

అదే జనవరిలో నార్వే రాజధాని ఓస్లో పరిసరాల్లో మైనస్ 30 దాకా చలి పడింది. అక్కడ ఇబ్బందులు రాలేదని కాదు, ఎలక్ట్రిక్ బస్సుల ట్రిప్పులు కొన్ని రద్దయ్యాయి. కానీ కార్లు నడిచాయి. ఆ ఏడాది నార్వేలో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం పూర్తి ఎలక్ట్రిక్‌వే. 2025లో అది 96 శాతానికి చేరింది. మామూలు జనవరి చలిలో ఓస్లోకూ చికాగోకూ పెద్ద తేడా లేదు. మరి ఒకచోట పనికొచ్చిన కారు ఇంకోచోట రోడ్డు మీద ఎందుకు ఆగిపోయింది?

ముందు బ్యాటరీ సంగతి. లిథియం బ్యాటరీ లోపల జరిగేది రసాయన చర్య. చలి పెరిగేకొద్దీ అది మందగిస్తుంది. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్న బ్యాటరీలోకి కరెంటును వేగంగా పంపిస్తే లోపల లిథియం లోహంగా పేరుకుపోయి శాశ్వత నష్టం జరుగుతుంది. అందుకే కారులోని కంప్యూటరే ఛార్జింగ్ వేగాన్ని తగ్గించేస్తుంది. ముందు బ్యాటరీ వేడెక్కాలి, తర్వాతే వేగంగా ఎక్కుతుంది. చికాగోలో చాలామంది చిక్కుకున్నది ఇక్కడే. గడ్డకట్టే చలిలో రాత్రంతా బయట ఆగిన కారును పొద్దున నేరుగా ఫాస్ట్ ఛార్జర్ దగ్గరకు తెచ్చారు. అరగంటలో అయ్యే పని గంట దాటింది. ఒక్కో కారు అలా ఆలస్యమైతే వెనకున్న క్యూ ఎంత పెరుగుతుందో చెప్పక్కర్లేదు.

రెండోది హీటర్. పెట్రోల్ ఇంజిన్ ఇంధనంలోని శక్తిలో ఎక్కువ భాగాన్ని వేడిగా వృథా చేస్తుంది. ఆ వేడితోనే కారు లోపల వెచ్చగా ఉంటుంది, అది ఉచితం. ఎలక్ట్రిక్ మోటార్ దగ్గర అంత వృథా వేడి లేదు, వెచ్చదనం కూడా బ్యాటరీ నుంచే రావాలి. అమెరికా ఆటోమొబైల్ అసోసియేషన్ 2019లో చేసిన పరీక్షలో మైనస్ 7 డిగ్రీల దగ్గర హీటర్ వేసి నడిపితే కార్ల రేంజ్ సగటున 41 శాతం తగ్గింది. హీటర్ లేకుండా తగ్గింది 12 శాతమే. అంటే రేంజ్‌ను ఎక్కువగా తినేది చలి కంటే హీటర్. ఆ తర్వాత హీట్ పంప్ ఉన్న మోడళ్లు పెరిగాయి. ఏసీనే తిరగేసినట్టు బయటి గాలిలోని వేడిని లోపలికి లాగే ఈ పరికరం తక్కువ కరెంటు తింటుంది. నార్వే ఆటోమొబైల్ ఫెడరేషన్ 2020 చలికాలంలో 20 మోడళ్లను పరీక్షిస్తే సగటు నష్టం 18.5 శాతం వచ్చింది. రెండు పరీక్షల పద్ధతులు వేరు కాబట్టి అంకెలను పక్కపక్కన పెట్టి తూచకూడదు. కానీ మోడల్‌ను బట్టి తేడా చాలా ఉంటుందన్నది మాత్రం స్పష్టం.

పెట్రోల్ కారు కూడా చలికి అతీతం కాదు. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం 25 డిగ్రీల వాతావరణంతో పోలిస్తే మైనస్ 7 దగ్గర నగరంలో మైలేజీ దాదాపు 15 శాతం పడిపోతుంది. కెనడాలోని ఎడ్మంటన్, విన్నిపెగ్ లాంటి ఊళ్లలో పార్కింగ్ స్థలాల్లో కరెంటు సాకెట్లు ఎప్పటినుంచో ఉన్నాయి. అవి పెట్రోల్ కార్ల కోసమే, రాత్రంతా ఇంజిన్ బ్లాక్ హీటర్‌కు ప్లగ్ పెట్టకపోతే పొద్దున బండి స్టార్ట్ కాదు. మంచు దేశంలో కారుకు ప్లగ్ కొత్త సంగతేమీ కాదు.

నార్వేకూ చికాగోకూ తేడా అంతా ఈ ప్లగ్ దగ్గరే ఉంది. నార్వేలో ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్లలో ఎక్కువమంది రాత్రి ఇంటి దగ్గరే ఛార్జ్ పెడతారు. బ్యాటరీ పొద్దుటికి నిండుతుంది. బయల్దేరే ముందు ఫోన్‌లో నొక్కితే గోడలోని కరెంటుతోనే కారు లోపల, బ్యాటరీ రెండూ వెచ్చబడతాయి, బ్యాటరీలోది ఖర్చు కాదు. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు సొంత ఛార్జర్ పెట్టుకునే హక్కును అక్కడి చట్టమే ఇచ్చింది. పన్నుల మినహాయింపు 1990ల నుంచే మొదలైంది. 25 శాతం వ్యాట్ లేకుండా ఏళ్ల తరబడి అమ్మడం వల్ల కార్లు పెరిగాయి, కార్లు పెరిగేకొద్దీ ఛార్జర్లూ పెరిగాయి. చికాగో క్యూలో గడ్డకట్టినవాళ్లలో చాలామందికి ఇంటి దగ్గర ప్లగ్ లేదు.

తెలుగు కుటుంబాలకు ఈ విషయం పట్టేది ఇందుకే. చికాగోలో డెవాన్ అవెన్యూ చుట్టుపక్కల హైదరాబాదీలు దశాబ్దాలుగా ఉంటున్నారు. కొత్తగా వెళ్లిన కుర్రాళ్లు సాధారణంగా అద్దె అపార్ట్‌మెంట్‌లో దిగుతారు, కారు వీధి పక్కన పెడతారు. కొందరు ఉబర్ నడుపుతారు. వాళ్లను ఇప్పుడు ఊరిస్తున్నది సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కార్ల ధర. అమెరికా ప్రభుత్వం ఇచ్చిన పన్ను రాయితీ, కొత్త కారుకు 7,500 డాలర్లు, పాతదానికి 4,000 డాలర్ల దాకా, 2025 సెప్టెంబర్ 30తో ఆగిపోయింది. అయినా పాత ఎలక్ట్రిక్ కార్ల ధర కొన్న రోజుతో పోలిస్తే బాగా పడిపోయి ఉంటుంది. ఇటు హైదరాబాద్‌లో 2024 నవంబర్ నుంచి ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేయడంతో కొన్నవాళ్లు సంతోషంగానే ఉన్నారు. కాబట్టి కొడుకు ఫోన్ చేసి అడిగితే అబ్బా ఇక్కడి అనుభవంతో "తీసుకో బేటా" అనే అవకాశం ఉంది. టోలీచౌకీ లెక్క చికాగోకు పనికిరాదు.

కాగితం మీద 400 కిలోమీటర్ల రేంజ్ ఉన్న పాత కారును తీసుకుందాం. ఫాస్ట్ ఛార్జర్ దగ్గర ఎవరైనా 80 శాతం దాకానే ఎక్కిస్తారు, ఆ తర్వాత వేగం బాగా తగ్గిపోతుంది. 20 శాతం కంటే కిందికి పోనివ్వడం చలిలో మంచిది కాదు. చేతికొచ్చేది 240 కిలోమీటర్లు. గట్టి చలిలో అందులో మూడో వంతు పోతే మిగిలేది 160. ఇల్లు, ఆఫీసు, పిల్లల స్కూలు వరకే అయితే ఇది రెండు మూడు రోజులకు చాలు. రోజుకు 250 కిలోమీటర్లు తిరిగే ఉబర్ డ్రైవర్‌కు మాత్రం పగటిపూట రెండుసార్లు ఛార్జింగ్ తప్పదు. ఆ సమయమంతా సంపాదన ఉండదు. పైగా పబ్లిక్ ఫాస్ట్ ఛార్జర్ దగ్గర కరెంటు ధర ఇంటి ధరకు రెండు మూడు రెట్లు ఉంటుంది. పెట్రోల్ మీద మిగులుతుందనుకున్న డబ్బు అక్కడే కరిగిపోతుంది.

సొంత ఇల్లు, గరాజ్ ఉన్న కుటుంబం సంగతి వేరు. వాళ్లకు చలికాలం అడ్డంకి కాదనే చెప్పాలి. అయితే మామూలు 120 వోల్టుల సాకెట్‌తో సరిపెట్టుకుందామనుకుంటే కుదరదు. అది గంటకు ఏడెనిమిది కిలోమీటర్లకు మించి ఎక్కించలేదు, గడ్డకట్టే చలిలో అందులోనూ చాలా భాగం బ్యాటరీని వెచ్చబెట్టడానికే పోతుంది. 240 వోల్టుల లైన్ వేయించాలి. పాత కారు కొనేటప్పుడు హీట్ పంప్ ఉందో లేదో తప్పక అడగాలి, ఒకే మోడల్‌లో ఒక ఏడాదికి ఉండి ఇంకో ఏడాదికి ఉండకపోవచ్చు. టెస్లా మోడల్ వై 2020లో హీట్ పంప్‌తోనే వచ్చింది, అంతకు ముందటి మోడల్ 3 కార్లలో అది లేదు. ఎల్‌ఎఫ్‌పీ రకం బ్యాటరీ చవక, ఎక్కువ కాలం మన్నుతుంది, కానీ చలికి త్వరగా మొద్దుబారుతుంది.

ఇక అమ్మీలు ఎక్కువగా భయపడేది మంచు తుఫానులో చిక్కుకుంటే ఎలా అని. 2022 జనవరిలో వర్జీనియాలో ఐ-95 హైవే మీద వందలాది వాహనాలు రాత్రంతా ఆగిపోయినప్పుడు ఈ చర్చ గట్టిగా జరిగింది. ఆగి ఉన్న కారులో హీటర్‌కు సాధారణంగా ఒకటి రెండు కిలోవాట్లు చాలు. 60 కిలోవాట్-అవర్ బ్యాటరీ సగం నిండి ఉన్నా పదిహేను గంటలకు తక్కువ కాదు, సీటు హీటర్లతో సర్దుకుంటే ఇంకా ఎక్కువ. పెట్రోల్ కారులో ఇంజిన్ ఆన్‌లో ఉంచితే, సైలెన్సర్ మంచుతో మూసుకుపోయి కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వచ్చే ప్రమాదం ఉంది. ఆ భయం ఎలక్ట్రిక్ కారులో లేదు. కానీ బ్యాటరీ 10 శాతానికి వచ్చాక తుఫానులోకి బయల్దేరితే ఆ లెక్కలేవీ పనిచేయవు.

ఇల్లినాయ్ రాష్ట్రం 2024 నుంచి కొత్తగా కట్టే ఇళ్లు, పెద్ద అపార్ట్‌మెంట్ల పార్కింగ్‌లో ఛార్జర్‌కు కావలసిన వైరింగ్ ఏర్పాటు ఉండాలని చట్టం చేసింది. అది కొత్త భవనాలకే. కుర్రాళ్లు నలుగురైదుగురు కలిసి అద్దెకుండే పాత ఇటుక అపార్ట్‌మెంట్లకు ఆ చట్టం వర్తించదు. వాటిలో లీజు మీద సంతకం పెట్టేముందు ఇంటి ఓనర్‌ను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: పార్కింగ్‌లో ప్లగ్ ఉందా, లేకపోతే వేయిస్తారా? జవాబు లేదు అని వస్తే, మరో రెండు చలికాలాలు హైబ్రిడ్‌తో గడిపేయడమే చవక.