సౌండ్ కార్డుని తిట్టకండి బాబూ

మా ఆఫీసు కుర్రాళ్ళలో ఈమధ్య ఒక వాదన తెగ నడుస్తోంది. ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్ కొన్నవాడు మదర్‌బోర్డు సౌండ్ కార్డు వాడితే పాపం మూటగట్టుకున్నట్టేనట. హెడ్‌ఫోనుకి ఎంత పెట్టావో కార్డుకీ అంత పెట్టాలట. ఈ లెక్క ఎవరు కనిపెట్టారో గానీ, నేనూ నమ్మి రెండు కార్డులు మార్చాను. అందుకే ఈ కడుపుమంట.

అసలీ వస్తువు పనిచేసే తీరు తెలిస్తే ఆ వాదన నిలబడదు. మామూలు హెడ్‌ఫోన్లో అయస్కాంతం, తీగచుట్ట ఉంటాయి. ఇందులో అవేం ఉండవు. చిల్లులున్న రెండు పలకల మధ్య ఒకటి రెండు మైక్రాన్ల పలుచని పొర, దాని మీద వందల వోల్టుల ఛార్జి, అంతే. జపాను స్టాక్స్ కంపెనీ 1960లో మొదటిది అమ్మింది. వాళ్ళ ఇప్పటి మోడళ్ళకి 580 వోల్టులు. పలకలకి పాట కూడా వందల వోల్టుల్లోనే అందాలి. సౌండ్ కార్డు ఇచ్చేది మహా అయితే ఒకటి రెండు వోల్టులు. నేరుగా గుచ్చితే ఏం రాదు, మధ్యలో ఎనర్జైజర్ అనే ప్రత్యేక యాంప్లిఫయర్ ఉండాల్సిందే. అంటే కార్డు పని లైన్ అవుట్ దగ్గరే అయిపోయింది. కార్డులో హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ కోసమని మీరు అదనంగా పోసిన డబ్బు గంగలో పోసినట్టే.

కార్డుల మీద కోపం ఊరికే పుట్టలేదు లెండి. ఏసీ 97 రోజుల్లో చాలా కార్డులు సీడీలోని 44.1 కిలోహెర్ట్జ్‌ని 48కి మార్చిగానీ వాయించేవి కావు, కొన్ని ఆ పని చెత్తగా చేసేవి. ఆ కాలం పోయింది.

నా గొడవ వేరు. తిరుపతి ఇంట్లో హెడ్‌ఫోన్ పెట్టుకుంటే చెవిలో జుయ్యిమని ఒకటే రొద. "కార్డు మార్చన్నా" అన్నారు. మార్చా. మళ్ళీ మార్చా. రొద కదల్లేదు. చివరికి గీజరు బాగుచెయ్యడానికొచ్చిన ఎలక్ట్రీషియన్, నేను కంప్యూటర్ కేబినెట్ తాకి చెయ్యి వెనక్కి లాక్కోవడం చూశాడు. స్విచ్చిబోర్డు విప్పి నవ్వాడు. "దీనికి ఎర్తు వైరే ఇయ్యలేదు సార్. మూడో బొక్క ఊరికే ఉండాది." వైరు కలిపాడు, రొద పోయింది. ఇంటెనక ఎర్తు గుంత ఎండిపోయి ఉంటే అందులో నీళ్ళు కూడా పోయించాడు, మా సీమ నేలకి అది మరీ అవసరం.

జరిగిందేమిటంటే, ఎర్తు లేనప్పుడు ఎస్ఎంపీఎస్ ఫిల్టరు కెపాసిటర్ల నుంచి కాస్త కరెంటు కేబినెట్‌కి కారుతుంది. అది ఆడియో కేబుల్ షీల్డు పట్టుకుని ఎనర్జైజర్లోకి దారి వెతుక్కుంటుంది. కొత్త కార్డుకైనా అదే కేబినెట్, అదే కేబులు కదా! బగ్గు ఎక్కడుందో చూడకుండా మాడ్యూల్ తీసి మాడ్యూల్ పెట్టాం, మనం ప్రోగ్రామర్లం :)

ఇక 24 బిట్ల కార్డు కావాలనేవాళ్ళకి ఒక ప్రశ్న. ఈ హెడ్‌ఫోన్లు దాదాపు అన్నీ వెనక తెరిచి ఉండేవే, గదిలో శబ్దమంతా లోపలికొస్తుంది. మే నెలలో తిరుపతిలో ఫాను ఆపి పాట వినే మొనగాడెవడండీ? 16 బిట్ల సీడీ ఇచ్చే 96 డెసిబెల్స్‌లోనే కిందిభాగం ఫాను రొదలో మునిగిపోతుంది. మిగతా 8 బిట్లు ఏ చెవితో వింటారు?

అసలు బాధ ఇది. రొద పోయాక మొదట పెట్టింది ఎమ్మెస్ సుబ్బులక్ష్మి సుప్రభాతం, 1963 రికార్డింగు. ఎవరో పెన్‌డ్రైవులో ఇచ్చిన 64 కేబీపీఎస్ ఎంపీత్రీ. తంబుర నీళ్ళలో మోగినట్టుంది. ఎంపీత్రీ చేసేటప్పుడు పారేసినదాన్ని ఏ కార్డూ తిరిగి పుట్టించలేదు. సీడీ కొనుక్కొచ్చి, కొత్త కార్డు పీకేసి పాత మదర్‌బోర్డు కార్డు మీదే పెట్టా. ఎమ్మెస్ గొంతు పక్కన రాధా విశ్వనాథన్ గొంతు విడిగా వినిపించింది. చిన్నప్పట్నుంచీ వీధి మైకుల్లో విని, అది ఒక్క గొంతే అనుకున్నాను నేను.

ఆ రెండు కార్డులూ డబ్బాల్లోనే ఉన్నాయి. ఇంకా కార్డే మార్చాలనుకునేవాళ్ళుంటే చెప్పండి, సగం ధరకిస్తా.